ఈమెను నేనెరుగుదును

పదింటికల్లా వచ్చేస్తాను, నువ్వు ముందెళ్ళి కూర్చో పెద్దమ్మా, అన్నాడు అఫ్రాజ్. వరండా గోడ గడియారంలో పదకొండూ పది అయింది. మెహబూబ్ బీ గేటు వైపు చూడటం మానేసింది, మానేసి మళ్ళీ చూసింది. గేట్లోంచి నల్లకోట్లు వస్తున్నాయి, ఫైళ్ళ కట్టలు చంకన పెట్టుకుని గుమాస్తాలు వస్తున్నారు, ఒకే బేడీ ఇద్దరికి వేసి నడిపించుకుంటూ కానిస్టేబులు వస్తున్నాడు, స్టాంపులమ్మే ఆయన గొడుగు కింద ఎవరో ఆడమనిషి వంగి వేలిముద్ర వేస్తోంది, అఫ్రాజ్ మాత్రం రావటం లేదు. వస్తాడులే. మరిది కొడుకు, సొంత కొడుకులాంటివాడు. లాంటి అనే మాట దగ్గర ఆమె మనసు ఎప్పుడూ కాస్త ఆగుతుంది, పరుపు కుడుతుంటే సూదికి ముడి అడ్డం పడినట్టు. చిన్నప్పుడు ఆమె చేతుల మీదే పెరిగాడు, ఏకిన దూదిలో పడి దొర్లి, తుమ్మి, నవ్వేవాడు. ఇప్పుడు పటమటలో ఫోము పరుపుల షాపు వాడిది, అద్దాల తలుపు, చల్లటి గాలి, లోపల తుమ్మేవాళ్ళే లేరు, ఫోముకి నలక ఉండదు. నాలుగువేల కోసం తొమ్మిదేళ్ళు తిరిగావు పెద్దమ్మా, మా షాపులో ఒక్క పరుపు ఖరీదు కదా అది, అన్నాడు రాత్రి అన్నం తింటూ. వెటకారం కాదు, వాడికి నిజంగానే అర్థం కాలేదు. ఆమెకి మాత్రం అర్థమైందా ఏమన్నా, అందుకే వాడి కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

పొద్దున్నే వచ్చి గుమాస్తా ముందు కాగితాలు పెట్టింది. చిన్నవాడే గుమాస్తా, కొత్తగా వచ్చాడు, పాతాయన బదిలీ అయి ఏడాదైంది. అతను రేషను కార్డు తీసి చూశాడు, అందులో షేక్ మాబీ అని ఉంది. ఓటరు కార్డు తీసి చూశాడు, అందులో భర్త పేరు దగ్గర రహూబు అని ఉంది, ఫోటోలో మొహం తడిసిన గోడలా ఉంది. తీర్పు కాగితంలో మాత్రం పద్ధతిగా మెహబూబ్ బీ, భర్త లేటు అబ్దుల్ రవూఫ్. మూడూ పక్కపక్కన పెట్టి, "ఈ ముగ్గురూ ఒకళ్ళేనని ఎవరు చెప్పాలమ్మా?" అన్నాడు. నేనే చెబుతున్నాను కదయ్యా అంది ఆమె. మీరు చెబితే చెల్లదు, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒకళ్ళు చెప్పి సంతకం పెట్టాలి, మామూలుగా మీ వకీలు పెడతారు, అన్నాడు. వకీలు తెరేసమ్మ గారు పోయి రెండు నెలలైంది. అప్పట్లో కేసు నడిపిన హెడ్డు కానిస్టేబులు రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడట. ఇంకెవరున్నారు అన్నాడు గుమాస్తా. మా అబ్బాయి వస్తాడు అంది. వస్తే సరే, రాకపోతే డబ్బు ట్రెజరీకి పోతుంది, మళ్ళీ పిటిషను, మళ్ళీ వాయిదా, అని కాగితాలు ఆమె వైపు జరిపి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఆ ముగ్గుర్నీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చి ఈ బల్ల మీద కూర్చుంది. ఎరిగినవాళ్ళు. యాభై రెండేళ్ళు వచ్చాయి, ఇదే ఊళ్ళో పుట్టింది, ఇదే ఊళ్ళో పెళ్ళయింది, ఈ చేత్తో కుట్టిన పరుపుల మీద ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది పడుకున్నారో. వాళ్ళెవరికీ ఆమె మొహం తెలీదు. పరుపు తెలుసు.

తెరేసమ్మ గారుంటే ఈపాటికి లోపలికెళ్ళి గుమాస్తా బల్ల మీద చెయ్యి వేసి నిలబడేది. గవర్నర్‌పేటలో మెట్లెక్కి పోవాలి ఆమె ఆఫీసుకి, కింద ప్లాస్టిక్ బకెట్లు హోలుసేలుగా అమ్మే కొట్టు, పైన ఒకటే గది, గోడకి మేరీమాత, ఫ్యాను తిరిగితే కాగితాలన్నీ లేచి ఆమె మీదికొచ్చేవి, ఆమె మోచేత్తో అదిమిపెట్టి మాట్లాడేది. ఫీజు ఎంతమ్మా అంటే నాకో తలగడ కుట్టిపెట్టు అంది. కుట్టిపెట్టింది. శవపేటికలో ఆమె తల కింద పెట్టింది అదే తలగడ కాదు కదా అని ఆ రోజు చర్చిలో వెనక వరసలో నిలబడి మెడ సాచి చూసింది, కనపడలేదు. పడవ ఒరిగి రవూఫు పోయిన ఆ కేసుకి నాలుగేళ్ళు నడిచి తీర్పొచ్చింది, పడవ నడిపిన బంగార్రాజుకి ఆరు నెలల జైలు, ఐదువేల జరిమానా, ఆ జరిమానాలో నాలుగువేలు చనిపోయినతని భార్యకివ్వాలి, జరిమానా కట్టకపోతే మరో మూడు నెలలు. అప్పీలుకెళ్ళాడు, రెండేళ్ళకి అదీ కొట్టేశారు, జైలుకెళ్ళాడు. జరిమానా కట్టలేదు, ఆ మూడు నెలలూ కూడా ఉండే వచ్చాడు. అంతటితో చెల్లిపోయిందనుకుంది మెహబూబ్ బీ. అందరూ అదే అన్నారు. తెరేసమ్మ గారు ఒక్కతే చట్టం పుస్తకం తెరిచి, వేలు పెట్టి, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ చెప్పింది. "అతను జైల్లో ఉన్నది సర్కారు లెక్కకమ్మా. నీకివ్వమన్నది నీదే. జైలుకెళ్ళినంత మాత్రాన అది చెరిగిపోదు." పిటిషను వేసింది, వారంటు తెప్పించింది, అది కలెక్టరాఫీసుకి పోయి, అక్కణ్ణించి మండలాఫీసుకి పోయి, ఏడాది తిరిగి, రేవొదిలేసి చేపలవేటకి పోయిన బంగార్రాజు ఇంటికి, నాగాయలంకకి చేరింది. రెవెన్యూవాళ్ళు వెళ్ళి వలలు జప్తు చేశారని తెరేసమ్మ గారే చెప్పింది, గెలిచినట్టుగా చెప్పింది. వలలా అంది మెహబూబ్ బీ. వలలూ, పడవ ఇంజనూనూ. ఆ రోజు బస్సులో పటమట వెళ్తూ ఆమె ఎంతసేపూ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. రవూఫు పోయాక మరిది వచ్చి, వదినా ఇక ఇదెందుకులే అని, దూది ఏకే విల్లుని తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశాడు, గోడ మీద అది వేలాడిన చోట వంకర గీత ఉండిపోయింది, సున్నం వేసినా పోలేదు. వలలు తీసుకెళ్ళిన ఇంట్లో గోడకి ఏముంటుందో.

బంగార్రాజూ వచ్చాడు ఇవాళ. వరండా ఆ చివర మూడో స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చునే చోటే. పోయిన నెలలోనే డబ్బు కట్టేశాడట, వలలు విడిపించమని ఆర్డరు కోసం వచ్చాడు. ఆమె అటు చూడదు, చూడకుండానే అతనక్కడున్నాడని తెలుస్తుంది. తొమ్మిదేళ్ళు. మొదట్లో అతనికి దట్టమైన జుట్టు, బుగ్గ మీసం, భయంతో ఎగిరెగిరిపడే గొంతుముడి. ఒక వాయిదాకి గుండుతో వచ్చాడు, తండ్రి పోయాడేమో అనుకుంది, అడగలేదు. ఒక వాయిదాకి కాలికి కట్టుతో వచ్చాడు. జైలు నుంచి వచ్చాక దగ్గు పట్టుకుంది, రెండు దగ్గులు, కాస్త ఆగి మూడోది. ఆ మూడో దగ్గు కోసం ఆమె ఒక్కోసారి తనకి తెలీకుండానే ఎదురుచూసేది. అతనూ ఆమెను చూసే ఉంటాడు, నల్ల బురఖాలోంచి పాత నేత చీరలోకి మారింది, కంటికి శుక్లం ఆపరేషనై పచ్చ అద్దాలు పెట్టుకొచ్చింది, తర్వాత ఈ తెల్ల అద్దాలొచ్చాయి. ఒక్క మాట అనుకోలేదు తొమ్మిదేళ్ళలో. నువ్వు ప్రతి వాయిదాకీ రానక్కర్లేదమ్మా, సాక్ష్యం చెప్పేశావుగా, అని సర్కారు వకీలు మొదట్లోనే చెప్పాడు. సరేనండి అంది, మళ్ళీ వచ్చింది. ఇంట్లో రవూఫు పేరు ఎవరూ ఎత్తరు. బాధపడుతుందని మొదట్లో ఎత్తలేదు, తర్వాత అలవాటై ఎత్తలేదు, ఇప్పుడైతే అఫ్రాజ్ పెళ్ళాం ఇష్రత్‌కి ఆ మనిషెవరో కూడా సరిగ్గా తెలీదు, ఫోటో లేదు కదా. నెలకోసారి ఇక్కడికొస్తే లోపల ఫైలు తిప్పుతూ ఎవరో ఒకళ్ళు అబ్దుల్ రవూఫ్ అనే మనిషి మరణానికి కారకుడై అని చదివేవారు. గొణుగుతూ చదివేవారు, ఒక్కోసారి రౌఫు అనేవారు, రహూఫు అనేవారు, ఏదైతేనేం, పైకి అనేవారు. ఆ ఒక్క మాట విని బస్సెక్కేది.

పదకొండున్నరకి బంట్రోతు అంతోని వచ్చి, మీవాడు రాకపోతే ఒకసారి ఫోను చేసి చూడండమ్మా, గేటు పక్కన ఎస్టీడీ బూత్ ఉంది, అన్నాడు. అంతోని కూడా ఈ కోర్టుకొచ్చి ఆరునెలలే అయింది, పేర్లు పిలవటం ఇంకా మొహమాటంగానే పిలుస్తాడు. వెళ్ళింది. జిరాక్సు మిషను వెలుగు మొహం మీద పడుతుంటే నంబరు చెప్పి, కొట్టాయన తిప్పి ఇచ్చిన రిసీవరు చెవికి పెట్టుకుంది. షాపులో పనివాడెవరో ఎత్తాడు. అన్న పొద్దున్నే లోడు వేసుకుని ఏలూరు వెళ్ళాడండి, హోటలువాళ్ళ ఆర్డరు, సాయంత్రానికి గాని రాడు. ఏమన్నా చెప్పాలా? చెప్పాల్సిందేమీ లేదంది. రూపాయి ఇచ్చి బయటికొస్తే ఎండ ఫెళ్ళున కొట్టింది. బందరు రోడ్డు మీద ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు పోతున్నాయి. కోపం వస్తుందని చూసుకుంది లోపల, రాలేదు. ఏడుపొస్తుందేమో అనుకుంది, అదీ కాదు. వచ్చింది వేరే. గుండెల మీద అదిమి పెట్టిన చెయ్యి ఎవరో తీసేసినట్టు ఒక తేలిక. ఎరిగినవాళ్ళు లేరు కాబట్టి డబ్బు ఇవ్వరు. ఇవ్వరు కాబట్టి ఫైలు మూయరు. మళ్ళీ పిటిషను, మళ్ళీ వాయిదా. వచ్చే నెల మళ్ళీ ఈ బల్ల, ఈ గడియారం, ఫైలు తిప్పుతూ ఆ పేరు. ఆ తేలికని పట్టుకుని చూసుకునేసరికి ఆమెకి సిగ్గేసింది. తెరేసమ్మ గారు చచ్చేదాకా తిరిగింది దీని కోసం, కాళ్ళు వాచి కూడా మెట్లెక్కింది, ఇదేంటే నీ బుద్ధి, అనుకుంది. అయినా ఆ తేలిక పోలేదు, బల్ల మీద కూర్చుంటే పక్కన వచ్చి కూర్చుంది.

డబ్బు తీసుకుంటే ఇంకోటి కూడా తీసుకున్నట్టవుతుంది, అది ఎవరికీ తెలీదు. కోర్టు చెప్పింది, తప్పు బంగార్రాజుదని. ఎనిమిదిమందిని ఎక్కించాల్సిన పడవలో పదిహేనుమందిని ఎక్కించాడు, రెండు సైకిళ్ళు, రవూఫు మూటలు, కృష్ణకి కొత్తనీరొచ్చిన రోజు, ఆగస్టు నెల, బ్యారేజీ గేట్లెత్తారని తెలిసి కూడా పడవ తీశాడు. యనమలకుదురు దిగువన రేవు అది. నది మధ్యలో పడవ ఒరిగింది, అందరూ ఈదో, పక్క పడవల వాళ్ళు లాగితేనో ఒడ్డుకొచ్చారు, ఒక్క రవూఫే రాలేదు. లంకలో పెళ్ళివారింటికి రెండు పరుపులు, నాలుగు తలగడలు, అక్కడే కూర్చుని కుట్టి ఇవ్వాలి, అందుకని దూది మూటలు కట్టుకుని వెళ్ళాడు, మూట జారి నీళ్ళలో పడుతుందేమోనని తాడు కొస తన నడుముకి చుట్టుకున్నాడు. ఇదంతా సాక్షులు చెప్పారు. బోనులో ఆమెని అడిగింది రెండే, చనిపోయినది నీ భర్తేనా, ఎంత సంపాదించేవాడు. మూటలో ఏ దూది అని ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని వచ్చేదేమో ఇన్నేళ్ళూ, అవును, అందుకేనేమో. ఆ తెల్లారుజామున రవూఫు విల్లు పక్కన పెట్టి, బూరుగు దూది కడతాను, పెళ్ళి పరుపులు కదా, మెత్తగా ఉంటాయి, అన్నాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా అంది, వాళ్ళిచ్చే డబ్బుకి బూరుగెందుకు, పత్తి సరిపోద్ది, మిగిలిన బూరుగు గవర్నర్‌పేట లాడ్జీ వాళ్ళకి వేసుకోవచ్చు. సరే నీ ఇష్టం అన్నాడు. ఎప్పుడూ అంతే, సరే నీ ఇష్టం. బూరుగు దూది తడవదు, నీళ్ళలో వేస్తే పట్టుకున్న మనిషిని కూడా పైన ఉంచుతుంది, దూదేకులవాళ్ళ ఇంట్లో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసది. పత్తి తాగుతుంది. చూస్తుండగానే తాగి రాయవుతుంది. బూరుగు కట్టిన మూట అయితే ఆ తాడే ఆయన్ని పైకి లాగేది. ఈ మాట ఆమె మరిదితో అనలేదు, తెరేసమ్మ గారితో అనలేదు, నమాజులో కూడా మాటల్లో పెట్టలేదు. చట్టం పుస్తకంలో దీనికి సెక్షను ఉండదు. తప్పంతా మూడో స్తంభం దగ్గర కూర్చున్న మనిషిది, జైలూ అతనికే, వలలూ అతనివే పోయాయి, ఆమెకి మాత్రం నాలుగువేలొస్తాయి.

"మెహబూబ్ బీ, మెహబూబ్ బీ, మెహబూబ్ బీ. భర్త అబ్దుల్ రవూఫ్." అంతోని పిలుపు మొదట ఆమెకి తన పేరుగా వినపడలేదు. ఇన్నేళ్ళూ పిలిచింది ముద్దాయి పేరే. మూడోసారికి లేచి, చీర కొంగు తల మీదికి లాక్కుని లోపలికి వెళ్ళింది. బంగార్రాజు పేరు కూడా దాంతోపాటే పిలిచారు, అతను వెనక కాస్త దూరంలో నిలబడ్డాడు, దగ్గును బట్టి తెలిసింది. మేజిస్ట్రేటు గారు వయసులో చిన్నది, పెళ్ళయి ఎక్కువ రోజులు కాలేదేమో చేతుల నిండా గాజులు, అవి చప్పుడవకుండా ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని కాగితాలు చదువుతోంది. గుమాస్తా చెప్పాడు, పేర్లు కలవటం లేదని, గుర్తుపట్టేవాళ్ళు లేరని, ట్రెజరీకి పంపమంటారా అని. ఎవరూ రాలేదా అమ్మా అని అడిగింది మేజిస్ట్రేటు గారు. మెహబూబ్ బీ తల అడ్డంగా ఊపింది. అయిపోయింది అనుకుంది, వచ్చే నెల అనుకుంది, ఆ తేలిక మళ్ళీ గొంతులోకి వచ్చింది. మేజిస్ట్రేటు గారు కలం మూత తీసి, రాయబోయి, ఎందుకనో తలెత్తి హాలంతా ఒకసారి చూసింది. "ఇక్కడున్నవాళ్ళలో ఈవిడెవరో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా?" అంది, ఎవర్నీ అడుగుతున్నట్టు కాదు, ఊరికే. ప్లీడర్లు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది. రెండు దగ్గులు, కాస్త ఆగి మూడోది.

"నాకు తెల్సండి," అన్నాడు బంగార్రాజు.

హాల్లో ఎవరో చిన్నగా నవ్వి ఆపుకున్నారు. నువ్వు ముద్దాయివి కదా అన్నాడు గుమాస్తా. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి, చెప్పనివ్వండి అంది, ఈవిడెవరు అంది. మెహబూబ్ బీ వెనక్కి తిరగలేదు. కాళ్ళ కింద నాపరాయి చల్లదనం ఒక్కటే తెలుస్తోంది. తీర్పుకి ముందు ఇదే హాల్లో మరో మేజిస్ట్రేటు, సాక్షులు చెప్పినదానికి నువ్వేమంటావు అని అడిగితే, ఆ మనిషిని నేనెక్కించుకోలేదండి, ఆయనెవరో నేనెరగనండి, అని ఇదే గొంతు అంది. ఆ రోజు ఇంటికెళ్ళి ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. చంపినదానికంటే ఆ మాటకే ఎక్కువ రగిలింది. ఎరగడట. "రవూఫు గారి భార్యండి," అన్నాడు ఇప్పుడు. "మెహబూబ్ బీ గారు. ప్రతి వాయిదాకీ వచ్చేదండి, నేను రాని రోజులున్నాయిగానీ ఆవిడ రాని రోజు లేదు. ఆ కిటికీ కింద బల్ల మీద కూర్చునేది. తొమ్మిదేళ్ళండి, ఆవిడ కాకపోతే ఇంకెవరండి." గారు అన్నాడు. రవూఫుని ఈ కోర్టులో ఎవరూ గారు అనలేదు, మృతుడు అన్నారు, డిసీజ్డు అన్నారు, సదరు వ్యక్తి అన్నారు. మేజిస్ట్రేటు గారు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, సర్కారు వకీలు వైపు చూసింది, ఆయన నాకేం అభ్యంతరం లేదండి అన్నాడు. అబద్ధం చెబితే ఇతనికొచ్చేదేముంది, రాయించండి, అంది. గుమాస్తా విసుగ్గానే కాగితం తిప్పి రాశాడు. ఆమె ఎడమ బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది, సూది తోసి తోసి గీతలరిగిపోయిన వేలు, ముద్ర సరిగ్గా పడలేదు, రెండోసారి నొక్కించారు. దాని కింద బంగార్రాజు వంగి, ఒక్కో అక్షరం ఆగి ఆగి సంతకం పెట్టాడు. ఏం రాశారయ్యా అని గుమాస్తాని అడిగింది. అతను చదివాడు, ఈమెను నేనెరుగుదును.

వలలు విడిపించే ఆర్డరు అతనికిచ్చారు, చెక్కు ఆమెకిచ్చారు. ఫైలుకి ఎర్ర గుడ్డనాడా బిగించి, పక్కనున్న పెద్ద కట్ట మీద పడేశాడు గుమాస్తా, అది పడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. అంతే. ఇంకెప్పుడు రావాలయ్యా అని నోటి దాకా వచ్చింది, మింగేసింది. బయటికొచ్చి గేటు దాటి బందరు రోడ్డు మీద స్టాపులో నిలబడితే పన్నెండున్నర ఎండ. అతనూ అక్కడికే వచ్చాడు, అవనిగడ్డ బస్సుకి. రెండు బారల దూరంలో నిలబడ్డాడు. వెళ్ళిపోతే వెళ్ళిపోవచ్చు, అవతలి స్టాపుంది. ఆయన పేరు నీకెట్టా తెలుసు అని ఆమె అడిగింది, రోడ్డు వైపు చూస్తూనే. కాయితాలన్నిట్లో అదే ఉండేదిగా అన్నాడు అతను, తనకి సంతకమే గానీ చదవటం రాదట, సమన్లొచ్చినా, తీర్పొచ్చినా, జప్తు కాయితమొచ్చినా కూతురు పద్మశ్రీ కూడబలుక్కుని చదివి పెట్టేదట. రవూఫంటే ఎవరు నాన్నా అని అడిగేదట ప్రతిసారీ. నీళ్ళలో పోయాడమ్మా అనేవాణ్ణి, నా పడవలోనేనని మటుకు చెప్పలేకపోయానండి, అన్నాడు. ఎక్కడో నాగాయలంకలో, సముద్రం దగ్గర, ఆమె ఎన్నడూ చూడని ఇంట్లో, ఒక ఆడపిల్ల గొంతు రవూఫు పేరు పలికేదన్నమాట ఇన్నేళ్ళూ. ఇంకెక్కడా ఆ పేరు లేదనుకుంది. అప్పుడు వచ్చేసింది మాట, తొమ్మిదేళ్ళు నోట్లో పెట్టుకున్నది, ఆటోల మోత మధ్య, ఎవరితో అనకూడదో అతనితోనే.

"ఆ మూటల్లో పత్తి ఉంది. బూరుగు కడతానన్నాడు ఆయన. నేనే పత్తి కట్టమన్నా."

అతను చేతిలో ఆర్డరు కాగితం మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పత్తని నాకు తెల్సండి," అన్నాడు చివరికి. "పడవలోకి ఎత్తిచ్చింది నేనేగా. బూరుగైతే పసిబిడ్డలాగా వస్తది చేతిలోకి. బరువు చూసి రెండు రూపాయలెక్కువ అడిగా. ఇచ్చారాయన."

నువ్వు కాదు నేను అని అతను అనలేదు, పోనీలే అని ఆమె అనలేదు. ఎండలో అలా నిలబడ్డారు. ఆమెకి ఒక్కటే అనిపించింది, ఆ రెండు రూపాయలు ఇవ్వటానికి రవూఫు జేబులో చెయ్యి పెట్టి ఉంటాడు, చిల్లర వెతుక్కుని ఉంటాడు, ఎప్పటిలాగే బేరమాడకుండా సరే నీ ఇష్టం అని ఉంటాడు. ఈ మనిషి అది చూశాడు. తను చూడని రవూఫు, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకపోవటం వల్ల తనకి దక్కని రవూఫు ఒక్క నిమిషం అతని దగ్గరున్నాడు. ఇంకా అడగాలి, చొక్కా ఏది వేసుకున్నాడు, నవ్వాడా, పడవెక్కేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకున్నాడా. అవనిగడ్డ బస్సు అప్పటికే నిండిపోయి వచ్చి ఆగింది, కండక్టరు అరుస్తున్నాడు, జనం తోసుకుంటున్నారు. బంగార్రాజు ఆమె వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు, ఎళ్ళొస్తానండి అన్నాడు, అలవాటు మాట, వెళ్ళేవాళ్ళందరూ అనేదే. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని లోపలికి దూరాడు. బస్సు కదిలింది. జనం మధ్య అతని చొక్కా కాసేపు కనపడింది, తర్వాత ఏది అతనిదో తెలీలేదు.

ఆమె స్టాపులోనే ఉంది. పక్కన కాలేజీ పిల్లలు ఇద్దరు ఏదో చెప్పుకుంటూ నవ్వుకుంటున్నారు, ఒక పెద్దాయన పుచ్చకాయ ముక్క తింటూ గింజలు రోడ్డు మీదికి ఊస్తున్నాడు, రెండు పటమట బస్సులు వచ్చి వెళ్ళాయి. ఈ రోడ్డు పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆమె ఎవరో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. మూడో బస్సొచ్చినప్పుడు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా ఎక్కింది.